పక్షుల పంజరాలు తెచ్చిన ఆడవాళ్లు: మారిషస్ స్మారకాల మీద ఒక విమర్శ

మారిషస్ దీవిలో క్యూర్‌పిప్ అనే ఊరుంది. ఆ ఊరి టౌన్‌హాలు దగ్గర ఒక కంచు విగ్రహం ఉంది. ఒక కుర్రవాడు ఒక ఆడపిల్లను ఎత్తుకుని వాగు దాటుతుంటాడు. వాళ్ల పేర్లు పోల్, విర్జినీ. ఫ్రెంచి రచయిత బెర్నార్దాన్ ద సాన్ పియేర్ 1788లో వెలువరించిన నవలలో నాయకుడూ నాయికా వీళ్లే. కల్పిత పాత్రలే గానీ ఆ దీవి వాళ్లను సొంత బిడ్డల్లా చూసుకుంటుంది. ఈ శిల్పానికి పాలరాతి మూలం రాజధాని పోర్ట్ లూయీలో, బ్లూ పెన్నీ మ్యూజియంలో భద్రంగా ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అమాయకమైన ప్రేమ, పచ్చటి దీవి, పాడైపోని ప్రకృతి: శిల్పం చెప్పే మాట ఇదీ అని గైడ్లు చెబుతారు, పుస్తకాలూ అదే చెబుతాయి.

ఆ పిల్లలు ఎక్కడినుంచి వస్తూ ఆ వాగు దాటుతున్నారు? ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. నవల తెరిచి చూస్తే జవాబు అక్కడే ఉంది.

ఒకరోజు పొద్దున్నే విర్జినీ ఇంటికి ఒక బానిస స్త్రీ వస్తుంది. నల్లనది. ఎముకల గూడు. నడుముకు గుడ్డపీలిక తప్ప ఒంటిమీద ఏమీ లేదు. వీపంతా కొరడా వాతలు. నల్లనది ఏరు దగ్గరున్న దొర తోటనుంచి పారిపోయి నెలరోజులుగా కొండల్లో దాక్కుంటోంది. ఆకలికి తట్టుకోలేక వచ్చింది. విర్జినీ జాలిపడి అన్నం పెడుతుంది. తర్వాత ఏం చేస్తుంది? ఆమెను వెంటబెట్టుకుని తిరిగి ఆ దొర దగ్గరికే తీసుకుపోతుంది! క్షమించమని బతిమాలుతుంది. దొర బానిసను చూడడు, విర్జినీ అందాన్ని చూస్తాడు. నీ మొహం చూసి క్షమిస్తున్నానంటాడు. పిల్లలిద్దరూ ఒక మంచిపని చేశామన్న తృప్తితో ఇంటిదారి పడతారు. ఆ దారిలోనే ఏరు అడ్డం వస్తుంది, పోల్ విర్జినీని ఎత్తుకుని దాటిస్తాడు. శిల్పంలో ఉన్న ఆ క్షణం ఇదే. పారిపోయిన మనిషిని పట్టి అప్పజెప్పి వస్తున్న క్షణం.

కథ అక్కడితో అయిపోలేదు. పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చిన ఇంటి బానిస దొమింగ్ దారిలో తను చూసింది చెబుతాడు. ఆ స్త్రీ కాలికి గొలుసు వేసి మొద్దుకు కట్టేశారు. మెడకు మూడు కొక్కేల ఇనుప పట్టీ బిగించారు. అదీ దొర క్షమాపణ. నవలలో ఆమెకు పేరు లేదు. ఆ తర్వాత ఆమె ఏమైందో రచయిత మళ్లీ అడగడు. విర్జినీ కాసేపు బాధపడి, మంచి చెయ్యటం ఎంత కష్టమో అనుకుంటుంది. నడవలేక పోయిన ఆ పిల్లల్ని డోలీ కట్టి ఇంటికి మోసుకొచ్చిందెవరు? కొండల్లో దాక్కున్న పారిపోయిన బానిసలే. మోసింది ఎవరు, మోయించుకున్నది ఎవరు అన్నది ఈ నవల పొడుగునా మారదు.

మనకిది కొత్త కథేం కాదు. మన సంస్కరణ సాహిత్యంలో ఇలాంటి దయగల పాత్రలు బోలెడంత. పాలేరును చూసి కళ్లు చెమర్చే పెద్దరైతు, మాలపల్లెకు వచ్చి పిల్లాడి తల నిమిరే పంతులుగారు. ఆ దయలో అబద్ధం లేకపోవచ్చు. కానీ ఆ దయ ఎప్పుడూ పాలేరును పొలానికే తిరిగి చేరుస్తుంది. జీతగాడికి పారిపోయే హక్కు ఉందని ఆ కథల్లో ఎవరూ అనరు. విర్జినీ చేసిందీ అదే. ఆమె అన్నం పెట్టింది, నిజమే. దాచిపెట్టలేదు.

రచయితకు సంగతి తెలియదని సమర్థించటానికి లేదు. బెర్నార్దాన్ 1768 నుంచి 1770 దాకా ఇంజనీరుగా ఆ దీవిలోనే ఉన్నాడు. అప్పుడు దాని పేరు ఇల్ ద ఫ్రాన్స్. 1773లో అచ్చయిన అతని యాత్రాగ్రంథంలో బానిసల దెబ్బలు, సంకెళ్లు, ఆకలి ఒక లేఖ నిండా ఉన్నాయి. కాఫీ, చక్కెర యూరపుకు ఎంత సుఖమిచ్చాయో గానీ రెండు ఖండాలను ఏడిపించాయని బాధపడ్డ మనిషి అతను. కళ్లతో చూసి రాసినవాడే పదిహేనేళ్లు తిరిగేసరికి నవలలో దొమింగ్‌ను, మరీని సంతృప్తిగా నవ్వే నమ్మినబంట్లుగా దిద్దాడు. యాత్రాగ్రంథాన్ని పరిశోధకులు చదువుకుంటారు, నవల మాత్రం ప్రపంచమంతా తిరిగింది. కంచులో పోతపోసింది నవలనే.

నవల చివర్లో ఒక దృశ్యం ఉంది. విర్జినీ ఫ్రాన్సు నుంచి తిరిగొస్తూ ఓడ మునిగి చచ్చిపోతుంది. (సాన్ జెరాన్ అనే ఓడ 1744లో నిజంగానే అక్కడ మునిగింది.) అంత్యక్రియలకు దీవి అంతా కదిలి వస్తుంది. మడగాస్కర్, మొజాంబిక్ స్త్రీలు ఆమె చుట్టూ పళ్లబుట్టలు పెడతారు. బెంగాల్ నుంచి, మలబారు తీరం నుంచి వచ్చిన భారతీయ స్త్రీలు పక్షులున్న పంజరాలు తెచ్చి, ఆమె దేహం మీదుగా ఆ పక్షుల్ని వదిలేస్తారు.

ఈ ఒక్క వాక్యం దగ్గర మనం ఆగాలి. ఈ ఆడవాళ్లెవరు? ఒప్పందపు కూలీలు రావటానికి ఇంకా తొంభై ఏళ్లుంది. అంటే వీళ్లు కూలీలు కారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకులు బెంగాల్ నుంచీ కోరమాండల్ తీరం నుంచీ మనుషుల్ని కొని, ఎత్తుకుపోయి ఆ దీవిలో అమ్మారు. చేతిపనివాళ్లు స్వతంత్రులుగా పోయినవాళ్లు కొందరున్నారు, బానిసలుగా పోయినవాళ్లూ ఉన్నారు. దక్షిణాది వాళ్లందరికీ ఊరూ భాషా చూడకుండా 'మలబారు' అని ఒకే ముద్ర. అందులో తెలుగు నోళ్లు ఎన్నున్నాయో ఆ ముద్ర కింద కప్పడిపోయింది. కరువులో బిడ్డల్ని అమ్ముకున్నది ఎవరో, అమ్ముడుపోయింది ఏ పల్లెల పిల్లలో చెప్పటానికి మనకు పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అలాంటి ఆడవాళ్ల చేత రచయిత పక్షులకు విడుదల ఇప్పించాడు. దొరల పిల్ల చచ్చిపోతే తమ చేతిలో ఉన్న పక్షికి స్వేచ్ఛ ఇచ్చారు, తమకు లేని స్వేచ్ఛ. చదివే ఫ్రెంచి పాఠకుడికి కళ్లనీళ్లు. నాకు మాత్రం జాషువా గుర్తొస్తాడు. 1941 నాటి 'గబ్బిలం'లో గుడిలోకి పోలేని మనిషి గబ్బిలం చేత తన గోడు దేవుడికి చెప్పి పంపుతాడు. అక్కడ పిట్ట మోసుకుపోయేది ఆ మనిషి సొంత మాట. ఇక్కడ పిట్టల్ని వదిలిన ఆడవాళ్లకు మాటే లేదు, ఇంకొకరి చావుకు అలంకారంగా వచ్చారు. ఎవరి రచనలో ఎవరికి నోరుంది అనే ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు శిల్పి సంగతి. పేరు ప్రోస్పర్ దెపినే. చెరకు దొరల కుటుంబంలో పుట్టాడు. అతని తండ్రి ఆడ్రియన్ దెపినే వకీలు, తోటల యజమానుల నాయకుడు. బానిసత్వం రద్దు చెయ్యాలని బ్రిటన్‌లో ఒత్తిడి పెరిగిన 1830ల మొదట్లో లండన్‌కు పోయి యజమానుల తరఫున వాదించినవాడు. 'సెర్నేయన్' పత్రిక పెట్టి పత్రికాస్వేచ్ఛకు ఆద్యుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ స్వేచ్ఛ ఎందుకు కావలసి వచ్చిందో చూడండి: మనుషుల్ని ఆస్తిగా ఉంచుకునే హక్కు మీద దెబ్బపడుతోందని గొంతెత్తటానికి. పోర్ట్ లూయీలో కంపెనీ తోట అనే పాత తోటలో ఆడ్రియన్ విగ్రహం ఉంది. చెక్కింది కొడుకే. అంటే దీవి మొత్తం మీద పేరుమోసిన రెండు విగ్రహాలు ఒకే ఇంటి చేతిలోంచి వచ్చాయి. ఒకటి బానిసలున్న లోకాన్ని ప్రేమకథ చేసింది, రెండోది బానిసల యజమానిని జాతినాయకుణ్ణి చేసింది. ఆడ్రియన్ విగ్రహం తీసెయ్యాలని అక్కడి ఉద్యమకారులు ఎన్నోసార్లు అడిగారు. పోల్, విర్జినీలను తీసెయ్యమని ఎవరూ అడిగినట్టు లేదు. అందమైన వస్తువు అలా తప్పించుకుపోతుంది.

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. అప్పటికి అరవై ఆరు వేలకు పైగా బానిసలున్నారు. నష్టపరిహారం కింద బ్రిటిష్ ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా చెల్లించింది. ఎవరికి? యజమానులకు. ఆస్తి పోయింది గదా మరి! విడుదలైన మనిషికి పెంకు ముక్క కూడా రాలేదు. పైగా 'అప్రెంటిసు' అనే పేరుతో 1839 దాకా అదే దొర దగ్గర అదే పని. ఆ పరిహారం డబ్బు చాలావరకు చక్కెరలోకి పోయింది. పొలాలకు మనుషులు కావాలి. విడుదలైనవాళ్లు కొరడా తిన్న తోటల్లోకి తిరిగి రామన్నారు. అప్పుడు మన తీరాల వైపు చూశారు. బ్రిటిష్ వాళ్లు దానికి పెట్టిన పేరు 'మహాప్రయోగం'. బానిసను కొనకుండా చెరకు పండించగలమా అనేది ఆ ప్రయోగం.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు దిగారు. వాళ్లు చోటానాగపూర్ వైపు ఆదివాసులు. ఈ మహావలసలో మొట్టమొదటి అడుగు ఆదివాసులది అన్న సంగతిని 'భారతీయ సంస్కృతి సముద్రాలు దాటింది' అని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఎప్పుడైనా చెప్పగా విన్నారా? తెలుగువాళ్ల సంగతికి వస్తే, 1836లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ పేరు చెబుతారు. కాకినాడ పక్క కోరంగి అప్పట్లో పెద్ద రేవు. మూడేళ్లకే, 1839 నవంబరు తుపానులో ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది. కోరంగి అంటే ఇవాళ మనకు మడ అడవులు, పడవ షికారు. మారిషస్‌లోనూ బర్మాలోనూ మాత్రం తెలుగువాణ్ణి 'కోరంగి' అనే పిలిచారు. ఇంటి గుమ్మం పేరే మనిషి పేరైంది.

వాళ్లు ఎందుకు పోయారు? 1832–33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో జనం పిట్టల్లా రాలిపోయారు. కరువు అందరికీ ఒకేలా రాదు. గాదె ఉన్నవాడికి ధర పెరుగుతుంది, గాదె లేనివాడికి ప్రాణం పోతుంది. భూమి లేని మాల, మాదిగ, చేతివృత్తుల కులాలు మొదట ఊరు విడిచాయి. కులం కట్టు సముద్రం దాటితే పోతుందని అగ్రకులాలు భయపడ్డాయి. మనవాళ్లు పోగొట్టుకోవటానికి ఆ కట్టులో ఏముంది గనక?

ఓడ దిగినవాళ్ల కోసం పోర్ట్ లూయీ రేవులో, త్రూ ఫాన్‌ఫారోన్ అనే చోట 1849లో ఒక డిపో కట్టారు. రేవునుంచి పైకి పదహారు రాతిమెట్లు. తర్వాతి డెబ్బై ఏళ్లలో లక్షలమంది మనుషులు ఆ డిపో గుండా పోయారు. రెండు మూడు రోజులు అక్కడ ఉంచేవాళ్లు. ఒళ్లు చూసి, పేరు రాసుకుని, నెంబరు ఇచ్చి, ఎస్టేటుకు పంపేవాళ్లు. మగవాళ్లకు నెలకు అయిదు రూపాయల జీతం, రోజుకు రెండు పౌండ్ల బియ్యం, కాస్త పప్పు, ఉప్పు, నూనె. ఎస్టేటులో బస 'క్యాంపు': రెల్లుకప్పు గుడిసెలు, చాలాచోట్ల పాత బానిసలు ఉండి వెళ్లినవే. తెల్లారకముందే గంట. పైన సర్దారు, ఆ పైన దొర. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోసేవాళ్లు. జ్వరమొచ్చినా అంతే. నెల తిరిగేసరికి పనిచేసినవాడే దొరకు బాకీపడేవాడు. మన జీతగాడి లెక్క ఎట్లా ఉంటుందో తెలిసినవాడికి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

అయిదేళ్ల ఒప్పందం అయిపోయినా మనిషికి విడుదల లేదు. వాణ్ణి 'పాత వలసదారు' అన్నారు. 1860ల నడుమనుంచి ఫొటో అంటించిన టిక్కెట్టు ఒంటిమీద ఉండాలి. 1867 చట్టంతో అది మరీ బిగుసుకుంది. టిక్కెట్టు లేకుండా రోడ్డెక్కితే దేశదిమ్మరి అని పట్టుకుని లోపలేసేవాళ్లు. ఆ ఏడాదిల్లోనే మలేరియా దీవిని ఊడ్చేసింది, వేలమంది పోయారు. 1871లో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు అర్జీ పెట్టారు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియన్ వాళ్లకు తోడు నిలిచాడు, అందుకు దొరల చేత వీధిలో దెబ్బలు తిన్నాడు. లండన్ నుంచి రాయల్ కమిషన్ దిగింది, 1875లో నివేదిక ఇచ్చింది. ప్లెవిట్జ్ పేరు అందరికీ గుర్తుంది, ఉండాల్సిందే. కానీ వేలిముద్ర వేసినా, సంతకం పెట్టినా, ఎస్టేటులో కొరడా పొంచి ఉండగా ముందుకొచ్చిన ఆ తొమ్మిదివేల నాలుగువందల ఒక్కమందిలో పేరు పెట్టి మనం చెప్పగలిగేవాళ్లు ఎందరు?

టిక్కెట్ల కోసం తీసిన ఆ ఫొటోలు మోకా ఊళ్లోని మహాత్మాగాంధీ సంస్థ పత్రాగారంలో ఉన్నాయి. పాత మారిషస్ ఆల్బమ్‌లలో కనిపించే ఫొటోలు వేరు. వాటిలో దొరల బంగళాలు, గుర్రపు పందాల మైదానం షాన్ ద మార్స్, పాంప్లెమూస్ తోటలో పెద్ద తామరాకులు, గవర్నరు లబూర్దోనే విగ్రహం. మనుషులు వెనకాల చిన్నగా, నెత్తిమీద బుట్టతో. నేను ఆ ఆల్బమ్‌లను చెత్త అనను. వాటినుంచి వీధులు, బండ్లు, బట్టలు తెలుస్తాయి. కానీ వాటిలో బంగళాకు పేరుంటుంది, వంటవాడికి ఉండదు. పోలీసు కోసం తీసిన ఫొటోలో మాత్రం కూలీ నేరుగా మన కళ్లలోకి చూస్తాడు. కిందనే నెంబరు, పేరు. బంధించటానికి చేసిన కాగితమే ఇవాళ వాళ్ల ముఖాన్ని కాపాడింది.

రాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఆ దీవి నేలంతా అగ్నిపర్వతపు నల్లరాయి. చెరకు వెయ్యాలంటే రాళ్లు ఏరాలి. ఇప్పటికీ చెరకు తోటల మధ్యలో గుట్టలుగా పేర్చిన రాళ్లు, మూతబడ్డ చక్కెర మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. మొదట బానిసలు, తర్వాత కూలీలు ఏరిపోసిన రాళ్లవి. స్మారకం అనే మాటకు తగినవి ఆ దీవిలో ఏవైనా ఉన్నాయంటే నా దృష్టిలో అవే. వాటి ముందు బోర్డు ఉండదు.

ఇక డిపో దగ్గరికి మళ్లీ వద్దాం. జనం దాన్ని 'కూలీ ఘాట్' అనేవాళ్లు. 1987లో జాతీయ స్మారకమైంది, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు పేరు 'ఆప్రవాసీ ఘాట్'. సంస్కృతం కలిపిన హిందీ. ఎందుకు మార్చారో అర్థం చేసుకోగలం. 'కూలీ' అన్నది అక్కడ తిట్టుగా మారింది. తిట్టించుకున్నవాడి బిడ్డ ఆ మాటను భరించలేకపోవచ్చు. కానీ కూలి అనేది మన మాట, తమిళుల మాట. చేసిన పనికి వచ్చే ప్రతిఫలం దాని అర్థం. దాన్ని తిట్టు చేసింది పని చెయ్యనివాడు. తిట్టును తిప్పికొట్టే దారి ఇంకొకటి ఉంది. 'దళిత' అనే మాటను మనం నెత్తిన పెట్టుకున్నదీ, మాల మాదిగ అని పేరుచివర రాసుకున్నదీ ఆ దారిలోనే. మారిషస్ కవి ఖాల్ తొరాబుల్లీ 1992లో 'కూలిట్యూడ్' అన్నాడు, కూలీ అనే మాటలోంచే ఒక ఆత్మగౌరవాన్ని లాగాడు. రాతి మీద మాత్రం పాలకులకు నచ్చిన పేరే నిలబడింది.

పేరుతో పాటు కథ కూడా మారింది. రాళ్ల కింద బంగారం ఉందని చెబితే నమ్మి వచ్చి, రాళ్లు ఏరి, చెమటోడ్చి, చివరికి దేశాన్నే ఏలారు అనేది ఇప్పటి కథ. ఎవరు ఏలారు? 1968లో స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి పోల్ బెరాంజే (2003–05) తప్ప ప్రధానమంత్రులందరూ రామ్‌గులాం, జగన్నాథ్ అనే రెండు కుటుంబాల నుంచే వచ్చారు. వాళ్లది 'వైశ్' వర్గం. మన కోమట్లు కారు, అక్కడ మధ్యకులాల వాళ్లందరూ కలిసి తీసుకున్న పేరది, సంఖ్యలో పెద్దది. సముద్రం దాటితే కులం కరిగిపోతుందని సిద్ధాంతం చెప్పిన పెద్దలకు ఆ దీవి గట్టి జవాబు. కలిసి తినటం, ఒకే క్యాంపులో పడుకోవటం, ఒకే సర్దారు చేత తన్నులు తినటం వల్ల అంటు చాలావరకు పోయింది, అది నిజం, చిన్న సంగతి కూడా కాదు. కానీ పెళ్లిలో, ఓటులో, టిక్కెట్ల పంపకంలో కులం బతికే ఉంది. 'పెద్ద జాతి', 'చిన్న జాతి' అని క్రియోల్ భాషలోనే మాటలున్నాయి. చమార్ల వారసులు 'రవివేద్' అనే పేరుతో సొంత సంఘం పెట్టుకోవలసి వచ్చింది. ఎందుకు పెట్టుకున్నారో ఎవరూ అడగరు.

మన తెలుగు పెద్దల సంగతేమిటి? 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. నూటయాభై ఏళ్లు భాషను కాపాడుకున్నారని అక్కడి వాళ్లను పొగిడి వచ్చారు. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు అని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. మంచిదే. కానీ ఆ భాషను మోసుకుపోయింది ప్రబంధాలు చదివినవాళ్లా? అక్కడి తెలుగువాళ్లు ఈనాటికీ చేసేవి అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ, రామభజన. అమ్మోరు ఎవరి దేవత? ఏ పేటలో పుట్టింది? ఆమెకు ఘటం ఎత్తేది ఎవరు? ఇక్కడ ఊరి చివర పెట్టిన దేవతే అక్కడ తెలుగుతనానికి గుర్తయింది. దీన్ని ఏ సభలోనూ ఎవరూ విప్పి చెప్పలేదు. చెబితే 'తెలుగు సంస్కృతి' అనే మూటలో ఎవరి సరుకు ఎంతో బయటపడుతుంది.

ఇంకో మాట చెప్పకపోతే ఈ విమర్శ ఒంటికంటిది అవుతుంది. కూలీల బిడ్డలకు మెట్లు దొరికాయి, బానిసల బిడ్డలకు ఏం దొరికింది? దీవి నైరుతి మూల ల మోర్న్ అనే కొండ ఉంది. పారిపోయిన బానిసలు దాని మీద దాక్కునేవాళ్లు. విడుదల వార్త చెప్పటానికి సిపాయిలు వస్తుంటే, పట్టుకోవటానికే వస్తున్నారనుకుని అక్కడినుంచి కిందికి దూకేశారని క్రియోల్ జనం తరతరాలుగా చెప్పుకుంటారు. కూలీ ఘాట్‌కు గుర్తింపు వచ్చిన రెండేళ్లకు, 2008లో, ఆ కొండ యునెస్కో జాబితాకు ఎక్కింది. కొండకు గుర్తింపు వచ్చింది గానీ మనుషులకు భూమి రాలేదు. 1993లోనే రోజే సెర్వో అనే క్రియోల్ ఫాదిరీ తన జనం దుస్థితికి 'క్రియోల్ వ్యాధి' అని పేరుపెట్టాడు. 1999లో కాయా అనే గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోతే దీవి భగ్గుమంది. 2009లో వేసిన సత్య న్యాయ కమిషన్ 2011లో ఇచ్చిన నివేదికలో బానిసల వారసుల నుంచి భూములు ఎలా జారిపోయాయో ఉంది. భారతీయ వారసుల ఏలుబడిలోనే ఇదంతా. అణగినవాడు ఏలికైతే కిందివాణ్ణి మర్చిపోతాడనే సంగతి మనకు కొత్త కాదు. మన ఊళ్లలో వెనుకబడిన కులాల పెత్తందారులు దళితుల మీద చేసిన దాడులు మనం మర్చిపోయామా? కూలీ చరిత్ర చెప్పేటప్పుడు బానిస చరిత్రను దాటుకుపోతే, కారంచేడు తెలిసిన మనం కూడా ఆ తప్పే చేసినవాళ్లం.

బానిసత్వం మీద మ్యూజియం 2023లో గానీ తెరవలేదు. పోర్ట్ లూయీలో లబూర్దోనే కాలం నాటి పాత మిలిటరీ ఆస్పత్రిలో పెట్టారు. కట్టింది బానిసలే. కూలీ ఘాట్‌కు దాదాపు ఆనుకునే ఉంటుంది. రద్దుకు, మ్యూజియానికి మధ్య నూట ఎనభై ఎనిమిదేళ్లు.

ఆ 2023లోనే నతాషా అప్పన్న అనే రచయిత్రి ఫ్రెంచిలో ఒక పుస్తకం రాసింది. పేరు 'లా మెమ్వార్ దెలావే', వెలిసిపోయిన జ్ఞాపకం. 1872లో ఇక్కడి ఒక పల్లె నుంచి ఓడెక్కిన తన పూర్వీకుల కథ. ఆమె ఇంటిపేరులోనే తెలుగు జాడ ఉంది. ఎవరో ఒక అప్పన్న రేవులో తన పేరు చెప్పి ఉంటాడు, గుమాస్తా రాసుకున్నాడు, అది వంశం పేరైంది. ఆ మాట ఇప్పుడు పారిస్‌లో పుస్తకాల అట్టల మీద అచ్చవుతోంది. బెర్నార్దాన్ నవలలో నోరులేకుండా నిలబడ్డ ఆడవాళ్ల పక్కన ఈ పుస్తకం పెట్టి చదవాలి. పూర్వీకుల పేరు రిజిస్టరులో వెతికి, అందులో ఏముందో ఏం లేదో ఒక స్త్రీ తనే చెబుతోంది. తెలుగులోకి దాన్ని ఎవరైనా తెస్తే బాగుండు. ప్రపంచ తెలుగు సభల ఖర్చులో వందోవంతు చాలు.

మోకాలో ఉన్న ఆ రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద మచ్చ, జిల్లా అని గళ్లున్నాయి. కులం అనే గడి కూడా ఉంది. గుమాస్తా చాలాసార్లు తోచింది రాశాడు, కొన్నిచోట్ల 'మలబారు' అని గీసిపడేశాడు, కొన్నిచోట్ల ఉన్నదున్నట్టు రాశాడు. ఆ గడిని చదవటం కుల గర్వం కోసమో, వంశవృక్షాల కోసమో కాదు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల పేర్లున్న పేజీల్లో మాల అనీ మాదిగ అనీ రాసి ఉన్నవాళ్లు ఏ ఎస్టేటుకు పోయారు, ఎవరు సర్దారయ్యారు, 1860ల తర్వాత దొరలు ముక్కలు చేసి అమ్మిన భూముల్లో వాళ్లకు ఎంత దక్కింది, ఎవరు పేరు మార్చుకున్నారు, ఎవరు మార్చుకోలేదు? మన విశ్వవిద్యాలయాల్లో దళిత విద్యార్థులకు పరిశోధన అంశం కావాలంటే ఇదుగో. హైవే వేసినప్పుడు డిపోలో చాలాభాగం పోయింది, మిగిలింది పదిహేను శాతం. కాగితాలు మాత్రం ఇంకా ఉన్నాయి.